రిపేరు బల్లపై ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మరు: ఎంపిక, అమరిక, పరీక్ష

శ్రీకాకుళం, నరసన్నపేట, టెక్కలి, పలాస వంటి ఊళ్లలో టీవీలు, ఇండక్షన్ స్టవ్‌లు, ఛార్జర్లు, ఎల్‌ఈడీ లైట్లు బాగుచేసే షాపుల్లో ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మరు (బాగుచేసే సెట్టును భూమికి కలిసిన లైను నుంచి విడదీసేది) గురించి రెండు అభిప్రాయాలు వినిపిస్తాయి. అది అనవసరపు ఖర్చు అన్నది ఒకటి. అది ఉంటే ఇక షాకే కొట్టదు అన్నది రెండోది. నా లెక్కలో రెండోదే ఎక్కువ ప్రమాదకరం, ఎందుకంటే మొదటి అభిప్రాయం ఉన్నవాడు కనీసం భయపడుతూ పనిచేస్తాడు. ఈ ట్రాన్స్‌ఫార్మరు ఒకే ఒక్క ప్రమాదాన్ని తీసేస్తుంది. అది కూడా కొన్ని షరతుల మీదే తీసేస్తుంది, ఆ షరతు తప్పినప్పుడు మనకు ఏ హెచ్చరికా ఇవ్వదు.

ముందుగా అది ఏం చేస్తుందో

వీధిలోని ట్రాన్స్‌ఫార్మరు 11 కేవీని (11 వేల వోల్టులను) దించి మన షాపుకు 230 వోల్టులు ఇస్తుంది, దాని న్యూట్రల్‌ను అక్కడే భూమిలోకి దింపి ఉంచుతారు. అందువల్ల ఫేజు తీగను ముట్టుకున్న మనిషి వేరే తీగనేదీ పట్టుకోకపోయినా, అతని కాళ్ల కింది నేలే తిరుగు దారి అవుతుంది. ఒంటి నిరోధాన్ని సుమారు 1500 ఓములు అనుకుంటే అతనిలోంచి 150 మిల్లీఆంపియర్ల దాకా పారుతుంది. మనుషుల రక్షణకు పెట్టే ఆర్‌సీసీబీ (వెళ్లిన కరెంటంతా తిరిగి రాకుండా భూమిలోకి కారితే పడిపోయే స్విచ్చి) 30 మిల్లీఆంపియర్లకే లైను తెంచెయ్యాలన్న నియమంతో పోల్చి చూస్తే ఆ అంకె ఎంత పెద్దదో తెలుస్తుంది.

ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మరు కూడా 230 తీసుకుని 230 వోల్టులే ఇస్తుంది, కానీ దాని సెకండరీ చుట్టకు భూమితో ఏ సంబంధమూ ఉండదు. ఆ రెండు తీగల్లో ఏ ఒక్కదాన్ని ముట్టుకున్నా కరెంటు తిరిగి వెళ్లడానికి దారి లేదు. చుట్టల మధ్య ఉండే కెపాసిటెన్సు ద్వారా కొంచెం కారుతుంది, అది ఒక నానోఫారడ్ ఉంటే 0.07 మిల్లీఆంపియర్లు, అంటే ఒంటికి తెలియనంత. అయితే రెండు తీగలనూ ఒకేసారి ముట్టుకున్న మనిషికి 230 వోల్టులూ పూర్తిగా తగులుతాయి. అప్పుడు ఎమ్‌సీబీ (పరిమితికి మించి కరెంటు పారితే పడిపోయే స్విచ్చి) గానీ గోడమీది ఆర్‌సీసీబీ గానీ కదలవు, ఎందుకంటే వాటి దృష్టిలో ఆ మనిషి కూడా ఒక బల్బులాంటి లోడే.

ఎస్‌ఎమ్‌పీఎస్ (స్విచ్చింగ్ పద్ధతిలో పనిచేసే పవర్ సప్లై) ఉన్న ప్రతి సెట్టులోనూ ఇది ఎందుకు ముఖ్యమో చెప్పాలి. బ్రిడ్జి రెక్టిఫయరు (ఏసీని డీసీగా మార్చే నాలుగు డయోడ్లు) తర్వాత ఉండే పెద్ద కెపాసిటరు మైనస్ కాలును చాలామంది గ్రౌండు అనుకుంటారు. నేరుగా లైను మీద పెట్టిన సెట్టులో ఆ కాలు ప్రతి సైకిల్లోనూ సగం కాలం ఫేజుకే అతుక్కుని ఉండి, భూమికంటే 325 వోల్టుల (230 వోల్టుల ఏసీ తరంగం శిఖరం) దాకా కిందికి దిగుతుంది. ఇండక్షన్ స్టవ్ బోర్డులోనూ, చవకరకం ఎల్‌ఈడీ బల్బు డ్రైవరులోనూ మొత్తం సర్క్యూటే ఇలా ఉంటుంది. ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మరు పనికొచ్చేది ఇక్కడే.

మొదటి మెట్టు: అసలైనదో కాదో తేల్చుకోవడం

స్టెబిలైజరు ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మరు కాదు. డిమ్మర్‌స్టాట్ (నాబ్ తిప్పి వోల్టేజి మార్చుకునే పరికరం) కూడా కాదు. ఈ రెండిటిలోనూ మామూలుగా ఉండేది ఆటో ట్రాన్స్‌ఫార్మరు, అంటే ఇన్‌పుట్‌కూ ఔట్‌పుట్‌కూ ఒకే చుట్ట. డిమ్మర్‌స్టాట్‌ను 40 వోల్టులకు తిప్పి పెట్టి భయం లేదనుకునేవారు, ప్లగ్గు తిరగబడితే ఆ 40 వోల్టుల కింద ఫేజు మొత్తం ఉంటుందని గ్రహించాలి.

పరీక్ష చాలా సులువు. ట్రాన్స్‌ఫార్మరును లైను నుంచి పూర్తిగా విప్పి, మల్టీమీటరును ఓముల మీద పెట్టి, ఇన్‌పుట్ రెండు కాళ్లకూ ఔట్‌పుట్ రెండు కాళ్లకూ మధ్య నాలుగు జతలనూ కొలవాలి. నాలుగూ ఓపెన్, అంటే దారి లేదని చూపించాలి. తర్వాత ఔట్‌పుట్ కాళ్లలో ఒక్కొక్కదానికీ ఇనుప బాడీకీ మధ్య కూడా కొలవాలి. కంప్యూటర్లకూ యంత్రాలకూ అమ్మే కొన్ని ట్రాన్స్‌ఫార్మర్లలో ఔట్‌పుట్ ఒక కాలును లోపలే ఎర్త్‌కు కలిపి పంపిస్తారు. వాటి పనికి అది సరైనదే గానీ మన బల్లకు పనికిరాదు. అలా కలిపిన తీగను తీయించాకే వాడాలి, లేదా వేరేది కొనాలి.

రెండో మెట్టు: సైజు, చుట్టించడం

ఎల్‌ఈడీ టీవీలు, ఛార్జర్లు, కంప్యూటరు ఎస్‌ఎమ్‌పీఎస్‌లు మాత్రమే వచ్చే షాపుకు 500 వీఏ (వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే వచ్చే అంకె) సరిపోతుంది. పాత పిక్చర్ ట్యూబ్ టీవీలు, ఆంప్లిఫయర్లు కూడా వస్తే 1 కేవీఏ తీసుకోవాలి. లెక్క వాట్లలో కాక వీఏలోనే వేసుకోవాలి, ఎందుకంటే ఎస్‌ఎమ్‌పీఎస్ కరెంటును సమంగా కాక గుక్కలు గుక్కలుగా లాగుతుంది, కాబట్టి సెట్టు వాట్లకు రెట్టింపు వీఏ ఉంచుకుంటే ఇబ్బంది లేదు. ఇండక్షన్ స్టవ్‌ను పూర్తి 2000 వాట్ల మీద నడిపించడానికి తగిన ట్రాన్స్‌ఫార్మరు కొనడం చిన్న షాపుకు దండగే. దాని బోర్డును ఐసోలేషన్ మీదా సిరీస్ బల్బు (సెట్టుకు వెళ్లే తీగ మధ్యలో పెట్టే బల్బు) మీదా పరీక్షించి, మూత బిగించాక పూర్తి లోడు పరీక్షను గోడ ప్లగ్గులో చెయ్యవచ్చు.

మన దగ్గర వ్యవసాయ మోటార్లు చుట్టే షాపులు ప్రతి మండల కేంద్రంలోనూ ఉన్నాయి కాబట్టి చాలామంది అక్కడే చుట్టించుకుంటారు. అందులో తప్పు లేదు, కానీ రెండు విషయాలు ముందే అడిగి ఒప్పించుకోవాలి. మొదటిది, ప్రైమరీ మీదే సెకండరీని చుట్టెయ్యకుండా, మధ్య గోడ ఉన్న బాబిన్ (తీగ చుట్టే చట్రం) మీద రెండిటినీ వేర్వేరు గదుల్లో చుట్టాలి. ఇలా చుడితే తీగ ఊడినా ఒకదాని మీద ఒకటి పడదు, చుట్టల మధ్య కెపాసిటెన్సు కూడా తగ్గుతుంది. రెండోది, వార్నిష్ పోసిన తర్వాత తగినంత వేడిమీద ఆరబెట్టాలి. తొందరపడి ఎండలో పెట్టి ఇచ్చేస్తే లోపలి తేమ లోపలే ఉండిపోతుంది. ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ల అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 61558-2-4 ప్రకారం తయారైనదని ప్లేటు మీద రాసి ఉన్న ఫ్యాక్టరీ సరుకు దొరికి, డబ్బు కూడా కుదిరితే, నేను దానివైపే మొగ్గుతాను.

మూడో మెట్టు: షాపు ఎర్త్, ఆర్‌సీసీబీ

ఐసోలేషన్ పెడుతున్నాం కదా అని ఎర్త్‌ను వదిలేయడం పెద్ద పొరపాటు. ట్రాన్స్‌ఫార్మరు ఇనుప కోరు, బాడీ, సోల్డరింగ్ ఐరన్, ఆసిలోస్కోపు (వోల్టేజి తరంగాన్ని తెరమీద చూపే పరికరం), ఫ్యాను ఇవన్నీ మామూలు లైను మీదే ఉంటాయి. జిల్లాలోని తీరప్రాంతమైన ఉద్దానం వైపు ఇసుకపాలు ఎక్కువైన నేలలో వేసవికి ఎర్త్ గొయ్యి ఎండిపోయి నిరోధం బాగా పెరుగుతుంది.

ఫేజుకూ ఎర్త్‌కూ మధ్య 100 వాట్ల బల్బు పెట్టి అది వెలిగితే ఎర్త్ బాగుందని తేల్చేసే అలవాటు ఒకటుంది. ఆ బల్బు నిరోధమే వేడిమీద 529 ఓములు. ఎర్త్ నిరోధం 100 ఓములున్నా బల్బుకు 193 వోల్టులు అందుతాయి, చూడ్డానికి చక్కగానే వెలుగుతుంది. అదే ఎర్త్ మీద ఫేజు బాడీకి తగిలితే పారేది 2.3 ఆంపియర్లే కాబట్టి 6 ఆంపియర్ల ఎమ్‌సీబీ పడదు, బాడీ మాత్రం ఫేజుతోనే నిలిచి ఉంటుంది. అందుకే ఎర్త్‌ను ఎర్త్ టెస్టరుతో కొలిపించాలి, బల్లకు వచ్చే లైనులో 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ తప్పనిసరిగా ఉండాలి. దాని టెస్టు బటన్‌ను నెలకోసారి నొక్కి చూడాలి. బటన్ నొక్కితే పడింది కాబట్టి ఎర్త్ కూడా బాగున్నట్టే అనుకోకూడదు. ఆ బటన్ ఫేజు న్యూట్రళ్ల మధ్యే పనిచేస్తుంది, ఎర్త్ తీగ లేకపోయినా పడుతుంది.

నాలుగో మెట్టు: వైరింగు

ప్రైమరీ వైపు వరుస ఇది: రెండు పోళ్ల ఎమ్‌సీబీ, ఆర్‌సీసీబీ, తర్వాత ట్రాన్స్‌ఫార్మరు. స్విచ్చి వేసిన క్షణంలో ట్రాన్స్‌ఫార్మరు ఎక్కువ కరెంటు లాగుతుంది కాబట్టి బీ రకం ఎమ్‌సీబీ ఊరికే పడిపోవచ్చు, సీ రకం పెట్టాలి. డిమ్మర్‌స్టాట్ వాడేవారు దాన్ని ట్రాన్స్‌ఫార్మరుకు ముందే పెట్టుకోవాలి. అలా పెడితే భూమితో సంబంధం లేని భాగం వీలైనంత చిన్నదిగా ఉంటుంది, దాన్ని కనిపెట్టుకుని ఉండటం తేలిక.

సెకండరీ వైపు రెండు తీగల్లోనూ ఫ్యూజులుండాలి, 500 వీఏకు 2 ఆంపియర్లు, 1 కేవీఏకు 4 ఆంపియర్లు. స్విచ్చి రెండు తీగలనూ ఒకేసారి తెంచేదై ఉండాలి, ఎందుకంటే ఇక్కడ ఫేజు, న్యూట్రల్ అన్న తేడా లేదు. సూచిక దీపాన్ని ఆ రెండు తీగల మధ్యే పెట్టాలి, ఏ దీపాన్నీ ఎర్త్‌కు కలపకూడదు.

సాకెట్టు ఒక్కటే ఉండాలి. చాలా షాపుల్లో తప్పేది ఇక్కడే: ఒక సాకెట్టుకు ఎక్స్‌టెన్షన్ బోర్డు తగిలించి, మూడు సెట్లు ఒకేసారి పెట్టేస్తారు. మొదటి సెట్టులో ఒక తీగ బాడీకి అంటుకుందనుకోండి. ఏమీ జరగదు, ఫ్యూజు పోదు, తెలియదు. రెండో సెట్టులో రెండో తీగ బాడీకి అంటుకుంటుంది. అప్పుడూ ఏమీ కనిపించదు. ఒక చేత్తో ఈ బాడీని, మరో చేత్తో ఆ బాడీని పట్టుకున్నవాడికి మాత్రం 230 వోల్టులు గుండె మీదుగా పోతాయి. ఒక ట్రాన్స్‌ఫార్మరుకు ఒకే పరికరం అన్న నియమానికి కారణం ఇదే, బల్ల మీద రెండో సెట్టు పెట్టాలంటే రెండో ట్రాన్స్‌ఫార్మరు పెట్టుకోవాల్సిందే.

ఆ సాకెట్టు ఎర్త్ పిన్ను రంధ్రం ఖాళీగా ఉండాలి. చూసేవారికి ఇది పొరపాటులా కనిపిస్తుంది, బుద్ధిమంతుడైన ఎలక్ట్రీషియన్ ఎవరో వచ్చి కలిపేస్తాడు కూడా. కలిపితే, సెట్టులో ఒక తీగ బాడీకి తగలగానే ఆ తీగ భూమికి చేరిపోతుంది, ఐసోలేషన్ చప్పుడు లేకుండా పోతుంది. కాబట్టి సాకెట్టు పక్కన రంగుతో "ఎర్త్ కలపరాదు – రిపేరు సెట్టుకు మాత్రమే" అని తెలుగులో రాసి పెట్టాలి.

మైక్రోవేవ్ ఓవెన్‌ను మాత్రం ఈ సాకెట్టులో ఎప్పుడూ పెట్టకూడదు. దాని హైవోల్టేజి చుట్ట ఒక కొస ఓవెన్ బాడీకే కలిపి ఉంటుంది, అవతలి కొసలో రెండువేల వోల్టుల దాకా ఉంటాయి. బాడీకి ఎర్త్ లేకపోవడం అక్కడ ప్రాణాంతకం. ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మరు ఆ రెండువేల వోల్టుల నుంచి ఏ రకంగానూ కాపాడదు. ఎర్త్ ఉన్న గోడ సాకెట్టు, విప్పిన ఓవెన్‌లో కెపాసిటరు డిశ్చార్జి, కరెంటు ఉండగా లోపల చెయ్యి పెట్టకపోవడం, దానికి ఇవే దిక్కు.

ఐదో మెట్టు: పరీక్షించడం

కొత్తగా బిగించినప్పుడూ, తర్వాత ఏడాదికి రెండుసార్లూ 500 వోల్టుల మెగ్గర్‌తో (ఇన్సులేషన్ నిరోధం కొలిచే మీటరుతో) ప్రైమరీ సెకండరీల మధ్య, ప్రతి చుట్టకూ బాడీకీ మధ్య ఒక నిమిషం కొలవాలి. మంచి ట్రాన్స్‌ఫార్మరు వందల మెగాఓములు చూపిస్తుంది. పదుల్లోకి దిగితే ఆరబెట్టించాలి, ఒకట్లలోకి దిగితే వాడకూడదు.

మెగ్గర్ రోజూ దొరకదు గానీ బల్బు దొరుకుతుంది. హోల్డరుకు రెండు ప్రోబులు కట్టిన 25 వాట్ల బల్బును సెకండరీ ఒక తీగకూ ఎర్త్‌కూ మధ్య పెడితే వెలగకూడదు, రెండో తీగకూ ఎర్త్‌కూ మధ్య కూడా వెలగకూడదు, రెండు తీగల మధ్య పెడితే పూర్తిగా వెలగాలి. పొద్దున్న షాపు తెరిచాక ముందు చెయ్యాల్సిన పని ఇదే, అరనిమిషం పట్టదు. ఎర్త్‌కు పెట్టినప్పుడు బల్బు వెలిగిందంటే రెండో తీగ ఎక్కడో భూమికి తగులుతోందని అర్థం. అదే చోట డిజిటల్ మల్టీమీటరు పెడితే 60, 90, 110 ఇలా ఏదో ఒక వోల్టేజి చూపిస్తుంది. దాన్ని చూసి కంగారు పడనక్కర్లేదు, అది చుట్టల కెపాసిటెన్సు వల్ల కనిపించే ఉత్త వోల్టేజి. పక్కనే బల్బు పెడితే దాదాపు సున్నాకు పడిపోతుంది.

ఇక నియాన్ టెస్టరు సంగతి. బల్ల దగ్గర పని నేర్చుకునే కుర్రాడు సెకండరీ తీగ మీద టెస్టరు పెట్టి, "గురువుగారూ, టెస్టరు ఎలగట్నేదు, కరంటు నేదేటి?" అని అడగడం సహజం. టెస్టరు మన ఒంటి ద్వారా భూమికి వెళ్లే చిన్న కరెంటుతో వెలుగుతుంది. ఇక్కడ ఆ దారే లేదు కాబట్టి మసకగా వెలుగుతుంది, లేదా అసలు వెలగదు, కానీ ఆ రెండు తీగల మధ్య 230 వోల్టులు నిక్షేపంగా ఉంటాయి. ఐసోలేషన్ బల్ల మీద నియాన్ టెస్టరును వాడనివ్వకూడదు. కరెంటు ఉందో లేదో తేల్చాల్సింది రెండు తీగల మధ్య మీటరుతోనే.

ఆరో మెట్టు: ఆసిలోస్కోపు

స్కోపు ప్రోబు గ్రౌండు క్లిప్పు లోపల నేరుగా ఎర్త్ పిన్నుకు కలిసి ఉంటుంది. ఐసోలేషన్ లేకుండా ఆ క్లిప్పును ఎస్‌ఎమ్‌పీఎస్ ప్రైమరీ మైనస్‌కు పెడితే ఫేజు, బ్రిడ్జి డయోడు, క్లిప్పు, ఎర్త్ అన్నీ ఒక షార్టు అయి డయోడ్లో ప్రోబో స్కోపో పోతుంది. దీనికి విరుగుడుగా స్కోపు ప్లగ్గు ఎర్త్ పిన్నును విరిచేయడం కొన్నిచోట్ల ఉంది. అలా చేసిన స్కోపు ఇనుప బాడీ, నాబ్‌లు, మిగతా ఛానెళ్ల క్లిప్పులు అన్నీ ఆ ప్రైమరీ వోల్టేజికి ఎక్కి కూర్చుంటాయి. ఐసోలేట్ చెయ్యాల్సింది బాగుచేసే సెట్టును, కొలిచే స్కోపును కాదు.

సెట్టును ఐసోలేషన్ మీద పెట్టి క్లిప్పు తగిలిస్తే షార్టు అవ్వదు, తరంగం చక్కగా కనిపిస్తుంది. అయితే ఆ క్లిప్పు తగిలిన క్షణం నుంచి ప్రైమరీ మైనస్ భూమికి కలిసిపోయింది. కెపాసిటరు ప్లస్ కాలు ఇప్పుడు నేలతో పోలిస్తే 325 వోల్టుల మీద ఉంటుంది, ఒక్క వేలు తగిలినా షాకే, అది కూడా ఆర్‌సీసీబీ పట్టించుకోని షాకు. నేను దగ్గరుండి గమనించిన మేరకు చాలామంది ఐసోలేషన్ మీద ఉన్నామన్న ధీమాను క్లిప్పు పెట్టాక కూడా వదలరు. స్కోపు పెట్టినంతసేపూ ఐసోలేషన్ లేదనుకునే పనిచెయ్యాలి: కరెంటు ఆపి, కెపాసిటరు ఖాళీ చేసి, ప్రోబు తగిలించి, చేతులు తీసి, అప్పుడు స్విచ్చి వెయ్యాలి. డిఫరెన్షియల్ ప్రోబు (ఎర్త్‌తో పనిలేకుండా రెండు బిందువుల మధ్య తేడాను కొలిచేది) కొనగలిగితే ఈ బాధే ఉండదు. అది లేనివారు రెండు ప్రోబులను క్లిప్పులు లేకుండా రెండు బిందువుల మీద పెట్టి, స్కోపులో మొదటి ఛానెల్ నుంచి రెండోదాన్ని తీసివేసి చూడవచ్చు.

ఎర్త్ ఉన్న సోల్డరింగ్ ఐరన్ మొన, చేతికి కట్టుకునే యాంటీ స్టాటిక్ పట్టీ కూడా ఇదే కోవలోకి వస్తాయి. కరెంటు ఉన్న బోర్డు దగ్గర రెండూ ఉండకూడదు.

ఏడో మెట్టు: పని వరుస

సెట్టు రాగానే మొదట ఐసోలేషన్, దాని తర్వాత 60 లేదా 100 వాట్ల సిరీస్ బల్బు, తర్వాత సెట్టు. సిరీస్ బల్బు షాకు నుంచి కాపాడదు, షార్టులో కొత్త మాస్‌ఫెట్ (స్విచ్చింగ్ చేసే ట్రాన్సిస్టరు) పేలకుండా కాపాడుతుంది. రెండింటి పనులూ వేరు.

పెద్ద కెపాసిటరును ట్రాన్స్‌ఫార్మరు ఏమీ చెయ్యలేదు. 325 వోల్టులకు నిండిన 100 మైక్రోఫారడ్ల కెపాసిటరులో సుమారు 5 జౌళ్లు ఉంటాయి. స్క్రూడ్రైవర్‌తో షార్టు చేస్తే కాలు కరిగి, కంటిలోకి నిప్పురవ్వ ఎగురుతుంది. పైన చెప్పిన 25 వాట్ల బల్బు ప్రోబులనే దాని రెండు కాళ్లకు పెడితే ఒకసారి మెరిసి ఆరిపోతుంది. ఆరిపోయాక కూడా ముప్పై నలభై వోల్టులు మిగిలి ఉండవచ్చు కాబట్టి ప్రోబులను కాసేపు అలాగే ఉంచి, మీటరుతో చూసి, అప్పుడే చెయ్యి పెట్టాలి.

కరెంటు ఉండగా కొలవాల్సి వస్తే ఒక ప్రోబును ముందే క్లిప్పుతో తగిలించి, రెండో ప్రోబును ఒక్క చేత్తో పట్టాలి. కాళ్లకింద రబ్బరు పట్టా, పొడి చెప్పులు ఉండాలి. ఉంగరం, ఇనుప గొలుసు వాచీ తీసేయాలి.

వాన, తుపాను రోజుల్లో

2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ మన జిల్లాల్లో లైన్లను పడగొట్టినప్పుడు షాపులు రోజుల తరబడి జనరేటర్ల మీద నడిచాయి. చిన్న పెట్రోలు జనరేటర్లు చాలావాటిలో న్యూట్రల్ బాడీకి కలిసి ఉండదు. వాటిమీద ఆర్‌సీసీబీ మొదటి లీకేజికి పడదు, ఎందుకంటే లీకైన కరెంటుకు తిరిగి వచ్చే దారి లేదు. కాబట్టి ఆ రోజుల్లో ఆర్‌సీసీబీ ఉందన్న భరోసా పెట్టుకోకూడదు.

నీళ్లలో తడిసిన ట్రాన్స్‌ఫార్మరు పైకి ఆరినట్టు కనిపించినా, మెగ్గర్ చూడకుండా లైను ఇవ్వకూడదు. తడవకపోయినా, నెలల తరబడి వాడకుండా సముద్రపు గాలికి ఉన్నదాన్ని కూడా ఇలాగే చూడాలి.

షాకు తగిలితే

బల్ల మెయిన్ స్విచ్చి బల్ల మీద కాక, తలుపు దగ్గర, మరొకరికి అందేచోట ఉండాలి. కుర్రాళ్లందరికీ అది ఎక్కడుందో ముందే చూపించాలి. షాకు తగిలినవాడిని ముట్టుకోకుండా ముందు ఆ స్విచ్చి ఆపాలి, 108కి ఫోన్ చెయ్యాలి. పిలిస్తే పలకక, ఊపిరి సరిగా లేకపోతే వెంటనే ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్ల చొప్పున, 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతుకు నొక్కుతూ అంబులెన్సు వచ్చేదాకా ఆపకూడదు. మనిషి లేచి కూర్చుని బాగానే ఉన్నానన్నా, రెండు చేతుల మీదుగా పారిన షాకైతే ఆసుపత్రిలో ఈసీజీ తీయించాలి. ఆ రోజు వాడిన ట్రాన్స్‌ఫార్మరును బల్బు పరీక్ష, మెగ్గర్ పరీక్ష రెండూ పూర్తయ్యేదాకా ప్లగ్గు తీసి పక్కన పెట్టాలి.